పువ్వు ఏ కొమ్మన పూస్తుంది: ఫోర్సిథియా, తంగేడు, తోటమాలి కత్తెర

పూల పొదను పెంచే విద్యలో ఎండ, నీరు, ఎరువు అనే మూడింటి తరువాత నాలుగోదిగా చెప్పే కత్తిరింపు నిజానికి వాటన్నిటికన్నా సూక్ష్మమైన పని. మొదటి మూడింటిలో పొరపాటు జరిగితే మొక్క కొంత వాడి మళ్లీ తేరుకుంటుంది గాని, కత్తెర పట్టే నెల తప్పితే అది పచ్చగా, ఏపుగా ఉండి కూడా ఆ ఏడాది పూయకుండా ఊరుకుంటుంది. ఈ సంగతిని వివరించడానికి రెండు పసుపు పూల పొదలు చక్కగా ఉపకరిస్తాయి. వాటిలో ఒకటి చైనా, కొరియా కొండల్లో పుట్టి ఐరోపా, అమెరికా తోటలకెక్కిన ఫోర్సిథియా. రెండవది ఖమ్మం జిల్లా పడమటి భాగంలోని తిరుమలాయపాలెం వంటి మండలాల్లో చెల్క గట్ల మీదా, బీళ్లలోనూ ఎవరూ నాటకుండానే పెరిగి బతుకమ్మ నాటికి బంగారు రంగు దాల్చే తంగేడు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకే రకం పసుపు పొదల్లా కనిపించినా, ఒకటి నిరుటి కొమ్మ మీద పూస్తుంది, మరొకటి ఈ ఏటి కొమ్మ మీద పూస్తుంది. వీటి పెంపకంలోని తేడాలు చాలావరకు ఈ ఒక్క భేదం నుంచే పుట్టాయి.

చలిని లెక్కపెట్టే పొద

ఫోర్సిథియా ప్రజాతిలో సుమారు 11 జాతులున్నాయి. ఒకటి ఐరోపాలోని బాల్కన్ ప్రాంతానికి చెందినది కాగా తక్కినవన్నీ తూర్పు ఆసియావి. బ్రిటన్ రాజోద్యానాల పర్యవేక్షకుడిగా పనిచేసిన స్కాట్లండు తోటమాలి విలియం ఫోర్సిథ్ పేరును డెన్మార్కు వృక్షశాస్త్రజ్ఞుడు మార్టిన్ వాల్ 1804లో ఈ మొక్కకు పెట్టాడు. ఆసియా నుంచి వెళ్లిన రెండు జాతుల కలయికతో జర్మనీలోని గోటింగెన్‌లో 19వ శతాబ్ది చివర వెలుగుచూసిన సంకరమే నేడు పాశ్చాత్య తోటల్లో అత్యధికంగా కనిపించే ఫోర్సిథియా. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నగరానికి ఈ ప్రజాతి పువ్వే చిహ్నం.

ఈ పొద పూత తీరు విచిత్రమైనది. వసంతారంభంలో, ఒక్క ఆకైనా విచ్చక ముందే, కొమ్మ మొదలు నుంచి చివరి దాకా నాలుగు రేకల పసుపు పూలు కిక్కిరిసి పూస్తాయి. అప్పుడు విచ్చే ఆ మొగ్గలు అంతకు ముందు వేసవిలోనే, అంటే దాదాపు 8 నెలల క్రితమే, అప్పటి లేత కొమ్మల మీద ఏర్పడి, శరదృతువు వచ్చేసరికి సుప్తావస్థలోకి జారుకుని ఉంటాయి. సుప్తావస్థ అంటే మొగ్గ చనిపోవడం కాదు. వెచ్చదనం తగిలినా తెరుచుకోకుండా లోపలి నుంచి గడియ వేసుకుని ఉండే స్థితి. కొన్ని వారాల పాటు నీరు గడ్డకట్టే స్థాయికి కొంచెం పైన ఉండే చలి సోకితే గాని ఆ గడియ ఊడదు. శీతకాలం మధ్యలో ఒక్క రోజు ఎండ కాయగానే మోసపోయి పూసి, మరునాటి మంచుకు మాడిపోకుండా ఈ ఏర్పాటు పొదను కాపాడుతుంది. చలి లెక్క తీరిన తరువాత మాత్రం కొద్దిపాటి వెచ్చదనమే చాలు. అందుకే ఆ దేశాల వారు ఫిబ్రవరిలో ఫోర్సిథియా కొమ్మలను నరికి ఇంట్లో నీళ్ల కూజాలో పెడితే, బయట మంచు పేరుకుని ఉండగానే అవి గదిలో విచ్చుకుంటాయి.

అయితే చలి అవసరమే అయినా ఎంత చలినైనా ఆ మొగ్గలు తట్టుకుంటాయనడానికి వీల్లేదు. మిక్కిలి శీతల ప్రాంతాల్లో వేరూ కొమ్మా బతికి, పూమొగ్గ మాత్రం చలికి చనిపోతుంది. అటువంటి చోట్ల వసంతంలో పొద పై సగం బోసిగా ఉండి, చలికాలమంతా మంచు కింద కప్పబడి ఉన్న అడుగు కొమ్మలు మాత్రమే పూయడం కనిపిస్తుంది. గాలి కన్నా మంచు దుప్పటి వెచ్చగా ఉండటమే అందుకు కారణం.

న్యూజెర్సీ వంటి రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారి పెరళ్లలో, వీధుల అంచుల్లో ఈ పొద పూసేది మార్చి, ఏప్రిల్ నెలల్లో గనుక, తెలుగు పంచాంగం ప్రకారం అది ఉగాది పువ్వు అవుతుంది. దాన్ని పెంచేవారు పాటించవలసిన నియమాలు కొన్నే. రోజుకు కనీసం 6 గంటల ఎండ తగలాలి. నీరు నిలవని నేల కావాలి. వంగి నేలను తాకిన కొమ్మలు తామే వేళ్లు తొడుగుతాయి గనుక అంటు కట్టడం సులభం. కత్తిరింపు మాత్రం పూత రాలిన వెంటనే జరగాలి. అప్పుడైతే కొత్త కొమ్మలు పెరిగి, వేసవిలో మొగ్గ కట్టుకోవడానికి వ్యవధి ఉంటుంది. అలా కాక శరత్తులోనో శీతకాలంలోనో పొదను చక్కగా గుండ్రంగా కత్తిరించినవారు, చూపు కోసమని, రాబోయే వసంతపు పూతనంతా కత్తిరించి పారేసినట్లే. ముసలి పొదను ఒక్కసారిగా కురచ చేయకుండా, ఏటా మూడో వంతు పాత కాండాలను మొదలంటా నేల మట్టానికి కోయడం వల్ల, మూడేళ్లలో పొద మొత్తం కొత్తదవుతుంది.

తిరుమలాయపాలెంలో అది ఎందుకు పూయదు

ఖమ్మం ప్రాంతపు వేసవి 45 డిగ్రీల దాకా వెళ్లే వేసవి. చలికాలపు రాత్రులు ఎంత చల్లనైనా, ఫోర్సిథియా మొగ్గ కోరే చలి వారాల తరబడి నిలబడదు. కనుక విదేశం నుంచి వచ్చిన విత్తనమో అంటో ఇక్కడి పెరట్లో ఒకవేళ బతికినా, మొగ్గ గడియ తీసే తాళపు చెవి దానికి దొరకదు. ఇందులో లోపం తోటమాలిదీ కాదు, నేలదీ కాదు. ఒక మొక్క తన పూతను ఏ రుతువుకు ముడివేసుకుందో ఆ రుతువే లేని చోట అది పూయకపోవడం సహజం.

అయినా ఫోర్సిథియా రక్తబంధువులు తెలుగు పెరళ్లకు కొత్తవి కావు. అది ఆలివు కుటుంబపు మొక్క. మల్లె, జాజి, పారిజాతం కూడా ఆ కుటుంబానివే. ఒక జాజి పువ్వు గొట్టాన్ని నిలువునా చీల్చి చూస్తే లోపల రెండే కేసరాలుంటాయి. పారిజాతంలోనూ రెండే, ఫోర్సిథియాలోనూ రెండే. ఇంతటి దగ్గరి చుట్టరికం ఉన్నా కత్తిరింపు దగ్గర దారులు వేరయ్యాయి. మల్లె కొత్త చిగురు చివర పూసే మొక్క గనుక, చలికాలంలో నీరు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, ఆ తరువాత ఎరువు వేసి నీరు పెడితే, ఎండాకాలంలో విరగపూస్తుంది. మల్లెకు మేలు చేసే ఈ చలికాలపు కత్తెరే ఫోర్సిథియాకు కీడు చేస్తుంది.

ఆకు రాలిన బోసి కొమ్మ మీద పసుపు పూలు చూడాలనుకునే వారికి కూడా ఖమ్మం నేల కొరత పెట్టలేదు. జిల్లా నుంచి తూర్పుకు, గోదావరి వైపు సాగే కొద్దీ అడవి చిక్కబడి భద్రాచలం కొండలు వస్తాయి. ఆ రాతి గుట్టల మీద ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకులన్నీ రాల్చుకున్న కొండగోగు చెట్లు, ఫోర్సిథియా మాదిరిగానే, బోసి కొమ్మల కొసల పెద్ద పెద్ద పసుపు పూలు పూస్తాయి. వాటి కాండం నుంచి కారే బంకను గిరిజనులు సేకరించి అమ్ముతారు. అక్కడ ఆకు రాల్చింది మంచు కాదు, నీటి ఎద్దడి. కారణం వేరైనా ఫలితం ఒక్కటే: ఆకుల అడ్డు లేని పువ్వు దూరం నుంచే కీటకానికీ పిట్టకూ కనబడుతుంది. కానీ కొండగోగు పెరటి పొద కాదు, అడవి చెట్టు. పెరట్లో ఫోర్సిథియా స్థానాన్ని న్యాయంగా భర్తీ చేయగలిగింది తంగేడే.

తంగేడు

తంగేడుకు 1753లో లిన్నేయస్ కేసియా ఆరిక్యులేటా అని పేరు పెట్టాడు. తరువాత దానిని సెన్నా ప్రజాతికి మార్చిన విలియం రాక్స్‌బర్గ్ తెలుగు నేలకు చిరపరిచితుడు, గోదావరి ప్రాంతపు సామర్లకోటలో తోట పెంచి కోరమాండల్ తీరపు మొక్కలను వర్ణించి, చిత్రాలు వేయించినవాడు. ఆరిక్యులేటా అంటే చెవులున్నది అని అర్థం. ఆ మాట ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆకు కాడ కొమ్మను తాకే చోటు చూడాలి. అక్కడ కాడకు రెండు పక్కలా గుండ్రంగా, ఆకుపచ్చగా, అచ్చం చెవి తమ్మెల్లాంటి రెండు పత్రపుచ్ఛాలు అతుక్కుని ఉంటాయి. కాడ పొడవునా ఎదురెదురుగా అమరిన పత్రకాల జతల మధ్య సన్నని పుల్లలా నిలబడే గ్రంథులు మరో గుర్తు. పొద్దు కుంకే వేళకు ఆ పత్రకాలు జతజతగా ముడుచుకుంటాయి.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే నవంబరు నెలలో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఆ గౌరవానికి ఆధారం బతుకమ్మ. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే 9 రోజుల పండుగలో, సిబ్బిలోనో తాంబాళంలోనో గునుగు, బంతి, కట్ల పూలతో పాటు వరుసలు పేర్చే పువ్వు తంగేడు. పండుగ పువ్వు కావడానికి ముందే అది పనికొచ్చే చెట్టు. దాని బెరడులో ఐదో వంతు దాకా టానిన్లు ఉండవచ్చు. టానిన్లంటే తోలులోని మాంసకృత్తు పోగులను పట్టి బిగించి, అది కుళ్లకుండా, నానినా చెడకుండా చేసే వగరు పదార్థాలు. దక్షిణ భారతంలో తోళ్లు ఊనడానికి తరతరాలుగా తంగేడు చెక్కే వాడారు. పచ్చిరొట్టగా దాని కొమ్మలను వరి మడిలో తొక్కించారు. పశువులు అంతగా ముట్టవు గనుక మేత బీళ్లలో కూడా అది నిలబడగలిగింది.

తుమ్మెద మూలుగు, కుడి ఎడమల పువ్వు

తంగేడు పువ్వును అరచేతిలో పెట్టుకుని తీరిగ్గా పరిశీలించేవారికి అందులో తేనె దొరకదు. కీటకానికి అది ఇచ్చేది పుప్పొడి ఒక్కటే, అది కూడా సులభంగా ఇవ్వదు. పువ్వులో 10 కేసరాలుంటాయి. పైవైపు మూడు గొడ్డువి, నడిమివి మధ్యస్థంగా ఉంటాయి, కిందివి పొడవుగా వంగి ఉంటాయి. సాధారణంగా పువ్వుల్లో పరాగకోశం, అంటే పుప్పొడి సంచి, నిలువునా పగిలి పొడి రాలుస్తుంది గాని, తంగేడులో ఆ సంచి కొసన సన్నని రంధ్రం మాత్రమే ఉంటుంది, ఉప్పుబుడ్డి మూతలాగా. ఆ రంధ్రం నుంచి పొడి రావాలంటే ఎవరో కుదపాలి.

కుదిపే పని నల్ల తుమ్మెదది. ఎండుకొయ్యలో, వెదురు బొంగులో తొలిచి గూడు పెట్టే ఈ పెద్ద తుమ్మెద, నడిమి కేసరాలను దవడలతో కరిచి పట్టి, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను మాత్రం సెకనుకు వందల సార్లు అదిలిస్తుంది. ఎగురుతున్నప్పటి జుమ్మనే శబ్దం ఒక్కసారిగా సన్నని గట్టి మూలుగుగా మారడం పొద పక్కన నిలబడినవారికి వినిపిస్తుంది. ఆ క్షణంలోనే పుప్పొడి రంధ్రాల గుండా చిమ్ముకొస్తుంది. తేనెటీగలకు ఈ విద్య రాదు; అవి రాలిన పొడిని ఏరుకుంటాయి.

ఒకే పువ్వులో రెండు రకాల కేసరాలెందుకు అన్న ప్రశ్నకు 1880ల తొలి ఏళ్లలో హెర్మన్ ముల్లర్, ఫ్రిట్జ్ ముల్లర్ అనే జర్మన్ సోదరులు, ఇటువంటి పూలను పరిశీలించి, పని విభజన అనే సమాధానం ప్రతిపాదించారు. నడిమివి తుమ్మెదకు కూలి. అది వాటిని పిండుకుంటూ ఉండగా పొడవాటి కింది కేసరాలు దాని ఒంటికి, కాళ్లు అందని చోట, మరో పొడి అద్దుతాయి. ఆ అద్దకమే ఇంకో పువ్వును ఫలవంతం చేస్తుంది. దీనికి తోడు పువ్వు మధ్య నుంచి వచ్చే కొడవలి వంటి కీలం, అంటే పుప్పొడిని అందుకునే కాడ, కొన్ని పూలలో ఎడమకూ కొన్నిటిలో కుడికీ ఒరిగి ఉంటుంది. ఒకే గుత్తిలోని నాలుగు పూలు కోసి వరుసగా పేర్చితే, అద్దంలో బింబప్రతిబింబాల మాదిరిగా, ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. ఎడమ పువ్వు తుమ్మెదకు ఒక పక్కన అద్దిన పొడిని కుడి పువ్వు కీలం అందుకుంటుందని శాస్త్రజ్ఞుల భావన.

పుప్పొడి ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేరాలన్న ఇదే సమస్యకు ఫోర్సిథియా కూడా తన జవాబు తాను వెతుక్కుంది. దానిలో ఒక పొద పూలన్నిటికీ కీలం పొడవు, కేసరాలు పొట్టి. మరో పొదకు కీలం పొట్టి, కేసరాలు పొడవు. ఈ రెండు రకాల మధ్యనే పరపరాగ సంపర్కం సవ్యంగా జరుగుతుంది. ఒకే జాతికి చెందిన మొక్కల్లో వేర్వేరు రూపాల పూల గురించి 1877లో ప్రచురించిన గ్రంథంలో చార్లెస్ డార్విన్ ఫోర్సిథియాను కూడా చర్చించాడు. తోటల్లోని ఫోర్సిథియాలు చాలావరకు ఒకే మొక్క అంట్ల సంతతి గనుక అవి అరుదుగా కాయ కాస్తాయి. తంగేడు మాత్రం ఒంటరి పొదగా ఉన్నా తుమ్మెద వస్తే చాలు, పలుచని బద్ద కాయలతో నిండిపోతుంది.

పెరట్లో తంగేడు

తంగేడు విత్తనం పైపెంకు నీటిని లోపలికి రానివ్వనంత గట్టిది. తొలి చినుకుకే మొలిచి తరువాతి ఎండకు మాడిపోకుండా ఉండటానికి అది విత్తనానికి రక్ష. పెంచదలచినవారు ఆ పెంకును కొంత సడలించాలి. గరుకు కాగితం మీద తేలికగా రుద్దడం ఒక పద్ధతి. మరిగించి దించిన నీటిలో విత్తనాలు వేసి, చల్లారిన తరువాత రాత్రంతా అలాగే ఉంచి, మర్నాడు ఉబ్బినవాటిని ఏరి నాటడం మరొక పద్ధతి. మొక్కకు తల్లివేరు లోతుకు దిగే స్వభావం ఉంది గనుక, శాశ్వత స్థానంలోనే అర అంగుళం లోతున విత్తడం ఉత్తమం. సంచిలో పెంచితే వేరు అడుగున చుట్టుకోక ముందే నాటాలి. మృగశిర కార్తెతో వానలు మొదలయ్యే రోజులు ఇందుకు అనువైనవి. కంచెగా పెంచేటప్పుడు మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అడుగుల ఎడం చాలు.

ఎర్ర చెల్క, మొరం, రాళ్ల నేల దానికి ఇష్టం. నల్లరేగడిలో పెంచేటప్పుడు నీరు నిలవకుండా కొంచెం మెరక చేయాలి. రోజంతా ఎండ తగలాలి. చిక్కటి నీడలో బతికినా పూత పలచబడుతుంది. మొదటి ఏడు దాటిన మొక్కకు నిండు వేసవిలో తప్ప ప్రత్యేకంగా నీరు పెట్టనవసరం లేదు. ఎరువు విషయంలో ఒక అపోహ తొలగించుకోవాలి. చిక్కుడు కుటుంబపు మొక్క గనుక తంగేడు కూడా గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుందని చాలామంది అనుకుంటారు. వేరుశనగ మొక్కను పీకి చూస్తే వేళ్ల మీద రైజోబియం బాక్టీరియా నివసించే బుడిపెలు కనిపిస్తాయి. సెన్నా ప్రజాతి మొక్కల్లో సాధారణంగా అటువంటి బుడిపెలు ఉండవు. తంగేడు ఆకు మడిలో కుళ్లి నేలకు బలమివ్వడం నిజమే గాని, అది గాలి నుంచి పట్టి తెచ్చిన నత్రజని కాదు. అలాగని యూరియా కుమ్మరిస్తే ఆకు దట్టమై పూత తగ్గుతుంది; ఏడాదికి ఒకసారి బాగా మాగిన పశువుల పెంట సరిపోతుంది.

ఇక కత్తిరింపు. తంగేడు ఏడాది పొడవునా అక్కడక్కడ పూస్తూనే ఉన్నా, దాని నిండు పూత వానలకు ఎదిగిన కొత్త కొమ్మల కొసల మీద, ఆగస్టు నుంచి నవంబరు వరకు వస్తుంది. కనుక కాయ ఎండి విత్తనం తీసుకున్న తరువాత ఎండుకొమ్మలను తొలగించి, రోహిణి కార్తె ముగిసే లోపు మిగిలిన పొదను సగానికి కత్తిరిస్తే, మృగశిర వానలకు మొదలు నుంచి గుబురుగా చిగుర్లు వస్తాయి. ఆ చిగుర్లకు బతుకమ్మ నాటికి మూడు నెలలకు మించిన వ్యవధి దొరుకుతుంది. ఆషాఢం దాటిన తరువాత కంచె కురచగా, తీరుగా కనిపించాలని కొసలు తీసేస్తే పండుగ నాటికి పొద పచ్చగా మాత్రమే మిగులుతుంది. అదే విధంగా పండుగకు పూలు కోసేటప్పుడు కొమ్మను మొదలంటా విరవకుండా గుత్తులు మాత్రమే తుంచితే, మిగిలిన మొగ్గలు విచ్చి, కాయ కట్టి, మరుసటి ఏటి మొలకలకు విత్తనమవుతాయి.

పురుగు మందుల ఊసు ఈ మొక్క దగ్గర రాకపోవడమే మంచిది. ఆకుల మీద కనిపించే సన్నని ఆకుపచ్చ గొంగళి పురుగుల్లో చాలా వరకు లేత పసుపు, తెలుపు రంగుల సీతాకోకచిలుకల పిల్లలు. అవి తిన్న ఆకును పొద వారాల్లో తిరిగి తొడుక్కుంటుంది. మందు కొడితే అవి చావడంతో పాటు తుమ్మెద కూడా దూరమవుతుంది. తుమ్మెద లేని తంగేడు పూస్తుంది గాని కాయదు. పెరటి మూల ఒక ఎండు మొద్దునో వెదురు గడనో కదల్చకుండా వదిలేస్తే తుమ్మెద గూటికి చోటు దొరుకుతుంది.

గట్లు సన్నబడటం, బీళ్లు సాగులోకి రావడం, గట్ల మీద సైతం కలుపు మందులు కొట్టడం వల్ల ఒకప్పుడు ఊరి చుట్టూ ఉచితంగా దొరికిన తంగేడు కోసం పండుగ రోజుల్లో దూరం వెళ్లవలసి రావడం అనేక పల్లెల అనుభవం. ఎవరూ నాటని మొక్క గనుక దాన్ని ఎవరూ కాపాడలేదు. ఇక మీదట అది ఉండాలంటే నాటవలసిందే. న్యూజెర్సీలో పూత రాలగానే ఏప్రిల్‌లో కత్తెర పట్టేవారికీ, తిరుమలాయపాలెంలో రోహిణి ఎండల్లో కత్తెర పట్టేవారికీ తెలిసి ఉండవలసిన నియమం ఒక్కటే: మొగ్గ ఎప్పుడు, ఏ కొమ్మ మీద పుడుతుందో ముందు గమనించి, ఆ తరువాతే కొమ్మను తాకాలి. చలిని లెక్కపెట్టుకుని పూసే మొక్క ఆ చలి ఉన్న చోటిదే. వానను లెక్కపెట్టుకుని పూసే తంగేడు ఈ చెల్కలది, అందుకే వానలు వెనక్కి మళ్లే వేళకు వచ్చే పండుగకు అది పువ్వయింది.